ఇంటి పెద్ద పోయిన కుటుంబానికి సాయం: పర్లాకిమిడి వైపు నుంచి అడిగిన తమ్ముడికి జవాబు

తమ్ముడూ, మీరు రాసింది పూర్తిగా చదివాను. కొత్తగా చూసేవాళ్ల కోసం సంగతి ముందు చెప్పేస్తాను. మీ అక్కది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. బావకి 40 ఏళ్లు, విశాఖలో అపార్ట్‌మెంటు కట్టేచోట తాపీపని. నెల కిందట పై అంతస్తు నుంచి పడి, అక్కడి ఆసుపత్రిలోనే పోయారు. ఇంట్లో ఇప్పుడు అక్క, పదమూడేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప, బావ తల్లి ఉన్నారు. రెండు గ్రూపు లోన్లకు వారం వారం వాయిదా కట్టాలి. కాంట్రాక్టరు దినకార్యాలకని యాభై వేలు ఇచ్చాడు, ఇంకో యాభై ఇస్తాను, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. ఒడియా చదవడం మీకు రాదు. ఇలాంటి కుటుంబాలకు సాయం చేసే సంస్థలు మన దగ్గర ఏమున్నాయి, ఎవరిని అడగాలి అన్నది మీ ప్రశ్న.

న్యాయసేవా సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా, అంటే వకీలు కాకపోయినా చట్టం విషయాల్లో జనానికి సాయపడే మనిషిగా, ఈ సరిహద్దు ఊళ్లలో చాలా ఏళ్లు తిరిగాను. సంస్థల పేర్లు, పథకాల పేర్లు తర్వాత చెబుతాను. ముందు అంతకంటే పెద్ద విషయం ఒకటుంది. మన కుటుంబాలు ఇలాంటి దెబ్బ తగలగానే పంచాయతీ ఇచ్చే రెండు వేలకు, బ్లాకు (ఆంధ్రలో మండలం లాంటిది) ఇచ్చే ఇరవై వేలకు నెలల తరబడి తిరుగుతాయి. అది తప్పని కాదు. కానీ చనిపోయినవాడి కష్టానికి, కట్టిన ప్రీమియానికి న్యాయంగా రావలసిన లక్షల రూపాయలు గడువు దాటిపోతుంటే ఎవరూ చూడరు. అందుకే మీరు సాయం వెతికే ముందు రావలసింది వెతకండి. రెండూ ఒకేసారి నడిపించవచ్చు, కానీ మొదటి పరుగు దీనికి పెట్టండి.

మొదటి మాట: ఆ స్టాంపు కాగితం మీద అక్క చేత సంతకం పెట్టించకండి. అత్తగారి వేలిముద్ర కూడా వద్దు. పనిచేస్తూ పోయిన కూలీ కుటుంబానికి యజమాని ఇవ్వాల్సిన పరిహారానికి చట్టంలో ఒక లెక్క ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఉన్న ఆ లెక్కే ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. నెల జీతంలో సగాన్ని, పోయిన మనిషి వయసును బట్టి పట్టికలో ఉండే అంకెతో గుణించాలి. 40 ఏళ్లకు ఆ అంకె 184.17. బావకి రోజుకు ఏడొందలు అనుకున్నా నెలకు 15,000 దాటుతుంది. లెక్కకు తీసుకునే జీతం 2020 నుంచి గరిష్ఠంగా 15,000. అందులో సగం 7,500. దాన్ని 184.17తో గుణిస్తే 13,81,275 రూపాయలు. కాంట్రాక్టరు లక్షతో తేల్చేద్దామంటున్నది దీన్ని.

మరణం విషయంలో ఈ డబ్బును యజమాని కుటుంబం చేతికి ఇచ్చి చేతులు దులుపుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పరిహారాన్ని కార్మిక శాఖ కమిషనరు దగ్గరే జమ చేయాలి. మధ్యవర్తుల ముందు చేతికిచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల జీతం వరకు అడ్వాన్సుగా ఇచ్చి ఉంటే దాన్ని మాత్రం తర్వాత మినహాయిస్తారు. 'ఇక మాకు ఏ హక్కూ లేదు' అని రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు. అయినా అలాంటి కాగితం ఉంటే అవతలి వకీలు దాన్ని పట్టుకుని ఏడాది సాగదీస్తాడు. కాశీనగర్ వైపు ఒక కుటుంబానికి అదే జరిగింది. వాళ్ల కొడుకు పైప్‌లైను పనిలో మట్టి కూలి పోయాడు. ఊరి పెద్దలే కూర్చుని, జాలిపడే, సంతకం పెట్టించారు. చివరికి డబ్బు వచ్చింది. కానీ ఆ కాగితంలో ఉన్నది తల్లికి తెలియదని నిరూపించడానికి పట్టిన కాలంలో చిన్నమ్మాయి చదువు ఆగిపోయింది. మీరు మాత్రం మర్యాదగానే చెప్పండి: 'యాభై వేలు అందాయి, మిగతాది ఆఫీసులో జమ చేయండి' అని. గొడవ పెట్టుకోవద్దు, అతని ఫోన్ నంబరు పోగొట్టుకోవద్దు.

కాంట్రాక్టరు కనిపించకుండా పోయినా భయం లేదు. పని ఎవరి తరఫున జరుగుతోందో ఆ బిల్డరు మీద కూడా బాధ్యత ఉంటుంది. ఇంకో సంగతి సరిహద్దు మనుషులందరూ గుర్తుంచుకోవాలి: ప్రమాదం విశాఖలో జరిగినా కేసు విశాఖలోనే వేయాలని లేదు. పోయినవాడి మీద ఆధారపడ్డవాళ్లు ఎక్కడ ఉంటున్నారో అక్కడి కమిషనరు దగ్గర వేయవచ్చు. అంటే మీ అక్క ఒడిశాలోనే వేయవచ్చు. గడువు రెండేళ్లు. నెల లోపల జమ చేయని యజమానికి 12 శాతం వడ్డీ పడుతుంది, కారణం లేకుండా ఆపితే దాని మీద జరిమానా కూడా పడవచ్చు. అక్కతోపాటు పిల్లలకూ, బావ తల్లికీ వాటా ఉంటుంది. పిల్లల వాటాను సాధారణంగా వాళ్లు మేజర్లయ్యేదాకా బ్యాంకులో వేయిస్తారు. అది మంచిదే, అభ్యంతరం చెప్పవద్దు.

దీనికి ఆధారాలు కావాలి. పై నుంచి పడి పోయిన మరణం కాబట్టి ఆసుపత్రి పోలీసులకు చెప్పి ఉంటుంది, పంచనామా, పోస్ట్‌మార్టం జరిగి ఉంటాయి. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఈ మూడింటి నకళ్లు విశాఖ వెళ్లి తెచ్చుకోండి. ఇక రుజువు కోసం మనవాళ్లు ఎన్నడూ చూడని చోటు బావ ఫోను. ఆ సిమ్ రద్దు చేయించకండి, ఫోను పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి, రీచార్జి చేసి దాచండి. కాంట్రాక్టరు 'రేపు ఆరుగురు రండి' అని పెట్టిన వాయిస్ మెసేజులు, వారం వారం ఫోన్‌పేలో వచ్చిన కూలి డబ్బు, సైటులో తీసుకున్న ఫొటోలు అందులోనే ఉంటాయి. హాజరు పుస్తకంలో పేరు లేని కూలీకి పనిచేశాడనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. బ్యాంకు, పీఎఫ్ ఓటీపీలు కూడా ఆ నంబరుకే వస్తాయి. తోటి కూలీలు ఇద్దరి పేర్లు, ఊళ్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఇంకో ఆర్నెల్లకు వాళ్లు చెన్నైలోనో సూరత్‌లోనో ఉంటారు.

వకీలు ఖర్చు గురించి ఆలోచించవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. పర్లాకిమిడి కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవా అథారిటీ ఆఫీసు అడగండి. గుణుపురం, రాయగడ, బరంపురం వాళ్లు మీ దగ్గరి కోర్టులో అడిగితే సరిపోతుంది. ఫోను చేయాలంటే 15100. ఒడియాలో అర్జీ రాయడం మీ పెద్ద బెంగ కదా, దానికి కూడా అక్కడి వాలంటీర్లే సాయం చేస్తారు. మన ఊళ్లలో తెలుగు వచ్చిన వాలంటీరు దొరకడం కష్టం కాదు. ఇంగ్లీషులో ఇచ్చిన అర్జీ కూడా తీసుకుంటారు. తహసీలు గేటు బయట కూర్చుని కాగితానికి ఐదొందలు తీసుకునేవాళ్ల దగ్గరకు వెళ్లనక్కర్లేదు.

తర్వాత బ్యాంకు. బావ పాసు పుస్తకం పట్టుకెళ్లి మెషీన్‌లో పెట్టి కిందటి రెండేళ్ల లైన్లన్నీ ప్రింటు తీయండి. మే నెలాఖరు దగ్గర వేలు పెట్టి చూడండి. 436 రూపాయలు తగ్గిన లైను ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఎలా పోయినా రెండు లక్షలు. 20 రూపాయలు తగ్గిన లైను ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. రెండూ ఉంటే రెండూ వస్తాయి, ఒకటి తీసుకుంటే రెండోది పోదు. ఖాతా తెరిచినప్పుడు బ్యాంకు మిత్ర ఏదో కాగితం మీద సంతకం పెట్టించి ఉంటాడు, ఇంట్లో ఎవరికీ తెలియదు. జూన్ 1 నుంచి మే 31 దాకా ఆ ఏడాది బీమా నడుస్తుంది. జన్‌ధన్ ఖాతా, రూపే కార్డు ఉంటే దాని మీద వేరే ప్రమాద బీమా ఉంటుంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాకు రెండు లక్షలు, అంతకుముందుదానికి లక్ష. కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. క్లెయిము కాగితాలు వీలైతే నెల లోపలే బ్యాంకులో ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు తెచ్చుకోండి. మీకు ఇప్పటికే నెల అయింది కాబట్టి ఈ వారమే వెళ్లండి. ఆలస్యమైందని కౌంటరులో వెనక్కి పంపితే మేనేజరును కలవండి. ఊరికే తిరిగి రావద్దు.

బావకి ఎప్పుడైనా ఏ కంపెనీలోనైనా పీఎఫ్ కట్ అయ్యిందా అని కూడా కనుక్కోండి. పోయేనాటికి పీఎఫ్ నడుస్తుంటే దానితోపాటు వచ్చే బీమా ఏడు లక్షల వరకు ఉంటుంది, భార్యాపిల్లలకు పింఛనూ ఉంటుంది. నిర్మాణ కార్మికుల కార్డు ఉందేమో ఇంట్లో పెట్టె వెతకండి. రెన్యువల్ అయి ఉంటే సంక్షేమ బోర్డు నుంచి మరణ సహాయం వస్తుంది. కట్టడాల విలువలో ఒక శాతం సెస్సు వసూలు చేసేది ఇందుకే. ప్రమాదం వేరే రాష్ట్రంలో జరిగిందని ఆ కార్డు చెల్లకుండా పోదు.

ఇప్పుడు గ్రూపు లోన్లు. మీ అక్కకి రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఇదేనని మీ మాటల్లోనే తెలుస్తోంది. ఈ చిన్న లోన్లకు చాలావాటికి లోను ఇచ్చేటప్పుడే బీమా కోసి ఇస్తారు. ఆ బీమాలో తరచుగా భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటాయి. అక్క పేరు మీద లోను ఉన్నా, బావ పోయినందుకు బాకీ మొత్తం మాఫీ కావచ్చు. లోను కార్డు వెనకో, ఫోనుకు వచ్చిన మెసేజిలోనో 'బీమా' అని కోసిన మొత్తం ఉందేమో చూడండి. వారం మీటింగుకి వచ్చే అబ్బాయికి ఇది తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పకపోవచ్చు. బ్రాంచికి వెళ్లి, మరణ ధ్రువపత్రం నకలు ఇచ్చి, 'నా భర్త పేరు బీమాలో ఉందా, ఉంటే క్లెయిము వేయండి' అని రాతపూర్వకంగా అడగండి. అడిగిన తేదీ ముఖ్యం.

రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమాలు ఈ లోన్లన్నిటికీ వర్తిస్తాయి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోను చేయకూడదు. బెదిరించకూడదు, తిట్టకూడదు, ఇరుగుపొరుగు ముందు పరువు తీయకూడదు. ఇంటి నెలసరి ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండేలా లోను ఇవ్వకూడదు. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచుకోండి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, ఎలాగన్నది 14448కి ఫోను చేస్తే చెబుతారు. గ్రూపులో మిగతా ఆడవాళ్ల మీద కోపం పెట్టుకోకండి. వాళ్ల మీదా ఒత్తిడి ఉంటుంది. వాళ్లను కూర్చోబెట్టి బీమా సంగతి చెప్పి, క్లెయిము తేలేదాకా గడువు అడుగుతూ అందరూ కలిసి సంతకాలు పెడితే బ్రాంచి వింటుంది. చేయకూడనిది ఒక్కటే: ఒక లోను వాయిదా కట్టడానికి ఇంకో చోట కొత్త లోను తీయడం. ఆ ఊబిలో దిగినవాళ్లను చాలామందిని చూశాను, తమ్ముడూ. దయచేసి అక్కను దిగనివ్వకండి.

ఈ పనులన్నిటికీ తాళంచెవి మరణ ధ్రువపత్రం. మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు. బావ విశాఖలో పోయారు కాబట్టి పత్రం అక్కడి నుంచే రావాలి. ఆసుపత్రిలో జరిగిన మరణాన్ని ఆసుపత్రే నమోదుకు పంపాలి కనుక 21 రోజుల గడువు గురించి మీరు కంగారు పడనక్కర్లేదు. వెళ్లి కాపీలు తెచ్చుకోవడమే. ఇంటి దగ్గర పోయినవాళ్ల సంగతి వేరు. ఒడిశా పల్లెల్లో దీన్ని చూసేది ఆరోగ్య కేంద్రం. 21 రోజుల లోపల అక్కడ చెప్పకపోతే తర్వాత రుసుము, ఇంకా ఆలస్యమైతే అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది.

పత్రం చేతికి రాగానే పేరు చూసుకోండి. మన పేర్లతో ఈ సరిహద్దులో ఉన్న తిప్పలు ఇన్ని అన్ని కావు. ఆంధ్ర ఆసుపత్రిలో ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా ఆధార్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది, ఓటరు కార్డులో ఒడియా ఉచ్చారణకు తగ్గట్టు అక్షరాలే మారిపోతాయి. గొర్లె అప్పన్న, అపన్నా గోర్లే ఒకే మనిషని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. తేడా ఉంటే మొదటి కాపీ దగ్గరే దిద్దించుకోండి. దిద్దుబాటు ఆలస్యమయ్యేలా ఉంటే 'ఈ రెండు పేర్లూ ఒకరివే' అని అఫిడవిట్ చేయించి ప్రతి దరఖాస్తుకూ జత చేయండి. అక్క పుట్టిల్లు ఆంధ్రలో పాతపట్నం వైపు అన్నారు. ఆమె ఆధార్ ఇంకా పుట్టింటి చిరునామా మీదే ఉంటే ముందు దాన్ని ఒడిశా చిరునామాకు మార్పించండి. తర్వాత జనసేవా కేంద్రంలో వారసుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్‌ఐ) విచారణకు వస్తారు, తహసీల్దారు ఇస్తారు. అందులో బావ తల్లి పేరు వదిలేయకండి. ఇంట్లో ఎంత మనస్పర్థ ఉన్నా సరే. ఆమె పేరు లేని పత్రం మీద తర్వాత ఆమే అభ్యంతరం పెడితే అన్నీ ఆగుతాయి.

ఇక మీరు అసలు అడిగిన సాయాలు.

అంత్యక్రియలకు హరిశ్చంద్ర సహాయత యోజన ఉంది. పల్లెల్లో పంచాయతీ ద్వారా రెండు వేలు, పట్టణాల్లో మూడు వేలు ఇస్తారు. వెంటనే అడగాల్సింది, మీకు ఇప్పటికే నెలయింది. అయినా సర్పంచిని, పంచాయతీ కార్యనిర్వాహక అధికారిని అడిగి చూడండి. కుటుంబాన్ని పోషించేవాడు 60 ఏళ్ల లోపు పోతే దారిద్ర్యరేఖ దిగువ ఇంటికి జాతీయ కుటుంబ సహాయ పథకం కింద ఒక్కసారి 20,000 వస్తుంది. బ్లాకు ఆఫీసులో సామాజిక భద్రతా అధికారి ఉంటారు, ఆయన్ను కలవండి. అదే మనిషి దగ్గర అక్కకు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను దరఖాస్తు కూడా ఇవ్వండి. 2008లో మొదలైన ఈ పథకంలో భర్త పోయిన ఆడవాళ్లకు వయసు అడ్డు కాదు. అత్తగారికి అరవై దాటి, ఏ భత్తా (పింఛను) రాకపోతే ఆమెకూ అప్పుడే పెట్టండి. ఇప్పుడు నెలకు వెయ్యి ఇస్తున్నారు, ఎనభై దాటినవాళ్లకు ఎక్కువ. మన పంచాయతీల్లో ప్రతి నెలా 15న భత్తా పంచే రోజు. ఆ రోజు అధికారులు ఊళ్లోనే దొరుకుతారు, మీ కాగితం ఎక్కడ ఆగిందో అడగడానికి అంతకు మించిన రోజు లేదు.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకు ఇచ్చే సుభద్ర పథకం డబ్బు అక్కకు వస్తూ ఉంటే, పింఛను పెడితే అది ఆగిపోతుందని ఎవరో భయపెట్టారని రాశారు. ఆగదు. నెలకు 1,500 లేదా అంతకు మించి ప్రభుత్వ సాయం అందేవాళ్లకే సుభద్ర ఇవ్వరు. వెయ్యి పింఛను దాని కిందే ఉంది. ఏడాదికి పది వేలు, ఐదేళ్లకు యాభై వేలు, వదులుకోకండి.

అన్నిటికన్నా ఎక్కువ మంది వదిలేసేది పిల్లల సాయం. మిషన్ వాత్సల్య కింద, తండ్రి పోయి తల్లి సాకుతున్న పిల్లలకు ఒక్కొక్కరికి నెలకు 4,000 ఇస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణంలో 96,000 మించకూడదు. ఇద్దరు పిల్లలకు మంజూరైతే నెలకు ఎనిమిది వేలు, పింఛనుకు ఎనిమిది రెట్లు! దీన్ని చూసేది జిల్లా శిశు సంరక్షణ యూనిట్, జిల్లా కేంద్రంలో ఉంటుంది. ఊళ్లో అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పినా, 1098కి ఫోను చేసినా వాళ్లే దారి చూపిస్తారు. నిధులు పరిమితం కాబట్టి వెంటనే రాకపోవచ్చు, కానీ దరఖాస్తు పెట్టినవాళ్ల పేరే వరుసలో ఉంటుంది. పిల్లలు బడి మానకూడదు, ఈ సాయానికి అది షరతు. బాబును పనికి పంపుదామన్న మాట ఇంట్లో ఎవరైనా ఎత్తితే ఈ లెక్క చెప్పి ఆపండి.

రేషను కార్డులో బావ పేరు దాచి ఉంచకండి. ఐదు కిలోల కోసం దాస్తే తర్వాత కార్డుకే ముప్పు. ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డు ఇంట్లో పెద్ద ఆడమనిషి పేరు మీదే ఉంటుంది కాబట్టి కార్డు పోదు. భర్త పోయి, ఆసరా లేని ఆడమనిషి నడిపే ఇళ్లు అంత్యోదయకు అర్హమైన వరుసలో ఉంటాయి. దానికి నెలకు 35 కిలోలు. మీ నలుగురికి ఇరవై వచ్చే చోట ఇది పెద్ద తేడా. సరఫరా ఇన్‌స్పెక్టరుకు అర్జీ ఇవ్వండి. అందరి ఈ-కేవైసీ అయ్యిందో లేదో అప్పుడే చూసుకోండి.

అత్తగారికి గుండె జబ్బు అన్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఐదు లక్షలు, ఆడవాళ్లకు అదనంగా ఇంకో ఐదు. ఆయుష్మాన్ కార్డు విశాఖ, శ్రీకాకుళంలో జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో కూడా చెల్లుతుంది. చేర్చేముందు కౌంటరులో కార్డు చూపించి అడగండి, బిల్లు అయ్యాక కాదు.

ఇప్పుడు కొంచెం నొప్పి కలిగించే మాట. పుట్టింటికి వచ్చి ఆంధ్రాలో పింఛను పెట్టించుకుంటే నాలుగు వేలు కదా, ఒడిశాలో వెయ్యికి ఎందుకు తిరగడం అని మీ ఇంట్లో అనుకుంటున్నారు. నిజమే, 2024 జులై నుంచి అక్కడ నాలుగు వేలు. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి ఆటోలో పోయేంత దూరంలో ఇంత తేడా ఉంటే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ దానికి అక్కడి నివాసం, అక్కడి బియ్యం కార్డు కావాలి. ఇక్కడి రేషను, సుభద్ర, పిల్లల సాయానికి ఇక్కడి నివాసం కావాలి. రెండు చోట్లా పెట్టుకుంటే ఆధార్‌లో దొరుకుతుంది, ఇచ్చింది వెనక్కి కట్టమంటారు, రెండూ పోతాయి. నా అభిప్రాయం: బావ ఇల్లు, ఉన్న సెంటు భూమి, పిల్లల బడి, కుల ధ్రువపత్రం ఒడిశాలో ఉన్నంతవరకు ఒడిశాలోనే ఉండనివ్వండి. కుల ధ్రువపత్రం రాష్ట్రం మారితే పనికిరాకుండా పోయి, ఇంటర్ తర్వాత పిల్లలు పడే కష్టం నేను చూశాను. అక్క మనసు పుట్టింట్లోనే ఉండాలని గట్టిగా కోరుకుంటే మాత్రం పూర్తిగా మారిపోండి. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొటియా ఊళ్లలోలాగా రెండు రాష్ట్రాల కార్డులూ పెట్టెలో ఉంచుకునే అలవాటు మనకు వద్దు. అక్కడి తగువు వేరు, కోర్టులో ఉంది.

గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: మీకు మధుబాబు బదులు సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ ఉంటుంది, తహసీలులోనే అడగాలి. పరిహారం, బ్యాంకు బీమా, లోన్ల సంగతి పైన రాసిందే మీకూ.

ప్రభుత్వం కాని సాయం మాటకొస్తే, మన వైపు అది మనుషుల రూపంలోనే ఉంది. ఊళ్లో మిషన్ శక్తి పొదుపు సంఘం, కుల సంఘం, గుడి కమిటీ, చర్చి, బరంపురం తెలుగు సంఘాలు, బడి మాస్టారు. ఎవరినైనా 'సాయం చేయండి' అని అడిగితే వంద చేతిలో పెడతారు. 'మూడు నెలల బియ్యం మీరు, బాబు ట్యూషను ఫీజు మీరు, విశాఖ వెళ్లి కాగితాలు తేవడానికి బస్సు ఖర్చు మీరు' అని పని చెప్పి అడగండి, చేస్తారు. చందా వసూలు చేస్తే డబ్బు అక్క ఖాతాలోనే పడాలి, ఎవరు ఎంత ఇచ్చారో పుస్తకంలో రాసి ఇద్దరు పెద్దలు సంతకం పెట్టాలి. వాట్సాప్‌లో పిల్లల ఫొటోలు, ఆధార్ కార్డులు పెట్టి చందా అడగకండి. ఆ పిల్లలు రేపు అదే బడికి వెళ్లాలి. ఆధార్ నకలు చూసి మోసం చేసేవాళ్లూ ఉన్నారు.

ఎక్కడ ఏ కాగితం ఇచ్చినా రెండో ప్రతి మీద తేదీ, ముద్ర, సంతకం తీసుకోండి. 'రేపు రా' అని తిప్పుతూ ఉంటే సోమవారం కలెక్టరు, ఎస్పీ కలిసి కూర్చుని ఫిర్యాదులు వినే అభిజోగ్ శుణాణికి వెళ్లండి. ఆ సోమవారం జిల్లా కేంద్రంలోనా, ఏదైనా బ్లాకులోనా అన్నది ముందు కనుక్కోండి. ఉదయాన్నే వెళ్తే పేరు నమోదవుతుంది. అక్కను తప్పకుండా తీసుకెళ్లండి, ఆమె మాట్లాడకపోయినా ఫరవాలేదు. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు: భర్త పేరు, పోయిన తేదీ, ఇంట్లో ఎంతమంది, ఏ దరఖాస్తు ఏ తేదీన ఎక్కడ ఇచ్చాం, ఏం కావాలి. ముద్ర ఉన్న నకళ్లు జత చేయండి. మరీ ఇబ్బందిగా ఉందని కలెక్టరుకు అనిపిస్తే జిల్లా రెడ్‌క్రాస్ నిధి నుంచి కొంత వెంటనే ఇప్పించే వీలుంది, ఆ మాట అర్జీ చివర ఒక వాక్యంలో రాయండి.

మీరు రాయాల్సినవి రెండు మిగిలాయి: మీ అక్కది ఏ బ్లాకు, బావ పని చేసిన సైటు బిల్డరు పేరు బోర్డు మీద ఏముంది. బిల్డరు పేరు ఇక్కడ అందరి ముందూ పెట్టకుండా న్యాయసేవా ఆఫీసులో ఇవ్వండి. బ్లాకు పేరు చెబితే అక్కడ తెలుగు వచ్చిన వాలంటీరు ఉన్నారేమో కనుక్కుని చెబుతాను.